గేటు లోపలి జాబితా

ఆరో నంబరు క్రేనుని రేవులో ఎవరూ ఆరో నంబరని పిలవరు. కోటా క్రేను అంటారు. ఇరవై రెండేళ్ళుగా దాన్ని నడుపుతున్నది నేను కాబట్టి. నాతో షిఫ్టులు మార్చుకుంటూ అదే క్రేను నడిపే పొడుగాయన కోటాలో వచ్చినవాడు కాదు. అయినా ఆ పేరు పోలేదు. పాపం ఇనుమేం చేసిందని నాలో నేను నవ్వుకునేదాన్ని. నవ్వు రాని రోజుల్లో తిట్టుకునేదాన్ని.

క్రేను గది నలభై మీటర్ల ఎత్తున ఉంటుంది. కాళ్ళ మధ్య నేల గాజుది. ఆ గాజులోంచి కిందికి వంగి చూస్తూ ఓడలోంచి పెట్టెలు ఎత్తాలి, లారీల మీద దించాలి. నాలుగు గంటలు అంతే. మెడ పట్టేసినా, ఏడుపొచ్చినా, రెండో మనిషి నిచ్చెనెక్కి వచ్చేదాకా సీటు వదలకూడదు. నేనెప్పుడూ సణగలేదు. సణిగితే "కోటా కదా" అంటారని భయం. జ్వరమొచ్చినా నోరు మూసుకుని ఎక్కాను.

మా వాళ్ళని గీకుడువాళ్ళనేవారు. ఓడని ఒడ్డుకి లాగాక దాని అడుగున పట్టిన నాచూ తుప్పూ గీకడం మా తాతలనాటి పని. ఆ పని రేవు గోడకి బయటే జరిగేది. గేటు దాటడానికి మాకు పాసు ఇచ్చేవారు కాదు. తరవాత ఎప్పుడో ప్రభుత్వానికి జాలేసిందో, సిగ్గేసిందో, పన్నెండు ఉద్యోగాల్లో ఒకటి గీకుడువాళ్ళకని రాశారు. ఆ ఒకటీ నాకొచ్చింది.

చేరిన మొదటి వారం అగ్గిపెట్టె పరీక్ష పెట్టారు. సగం తెరిచిన అగ్గిపెట్టెని నేలమీద నిలబెడతారు. పైనుంచి కొక్కెం దించి, పెట్టె నలగకుండా దాని అర మూయాలి. కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఒకసారి చేసి టీ తాగడానికి పోతాడు. నాచేత మూడుసార్లు చేయించారు. మూడుసార్లూ మూశాను. మూడోసారి కింద నిలబడి చప్పట్లు కొట్టినవాడు పొడుగాయన ఒక్కడే. మేమిద్దరం ఒకే ఏడు, ఒకే జట్టులో చేరాం. ఆనాటి నుంచీ ఆయన నాకు అన్న, నేను ఆయనకి చెల్లెమ్మ. నాకు కడుపులో ఆపరేషనైతే నా షిఫ్టులన్నీ తనే చేశాడు. ఆయన మీద ఈగ వాలినా నేను ఊరుకోను.

ఆయనకి ఉన్నది ఒకటే గొప్ప. పరీక్షలో డెబ్బై ఒక్క మార్కులతో సొంతంగా వచ్చానని. పెళ్ళిలో చెప్తాడు, యూనియన్ మీటింగులో చెప్తాడు, క్యాంటీన్లో గ్లాసు అందిస్తూ చెప్తాడు. రేవులో కాకులకి కూడా తెలుసు ఆ డెబ్బై ఒకటి.

ఈ ఏడు ఆయన కూతురు అదే పరీక్ష రాసింది. ఎనభై ఒకటి వచ్చినా సీటు రాలేదు. ఎనభై రెండు దగ్గర ఓపెన్ జాబితా ఆగిపోయింది. మా వాళ్ళలో అరవై తెచ్చుకున్న కుర్రాడికి వచ్చింది. ఇది పెద్ద గొడవై, గీకుడువాళ్ళ కోటా ఉంచాలా తీసేయాలా అని విచారణ వేశారు. సాక్షుల్లో నేనొకదాన్ని.

"మీ తాతని లోపలికి రానివ్వకపోవడం తప్పే చెల్లెమ్మా. కాదని ఎవడంటాడు?" అన్నాడు పొడుగాయన, షిఫ్టు మారేటప్పుడు. క్రేను గదిలో ఆయన నిటారుగా నిలబడలేడు, తల వంచుకునే మాట్లాడతాడు. "ఆ తప్పు నా కూతురు చేసిందా? తెల్లారగట్ల నాలుగింటికి లేచి చదివింది. ఇప్పుడు గది తలుపు వేసుకుని కూర్చుంటోంది. దానికేం చెప్పమంటావ్?"

"మా నాన్న వందకి వంద తెచ్చుకున్నా గేటు దాటేవాడు కాదన్నా."

"మీ నాన్న సంగతి అయిపోయింది. నేను రేపటి సంగతి అడుగుతున్నా."

"మాకింకా అయిపోలేదు."

అక్కడికి ఆపేశాం. ఆయన చెప్పిందీ నిజమే, నేను చెప్పిందీ నిజమే. నిచ్చెన దిగుతుంటే ఆ పిల్ల మొహమే కళ్ళముందు ఆడింది. చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని క్రేను బొమ్మలు గీసిన పిల్ల.

కోటా ఉంచాలనే మా యూనియన్ కార్యదర్శి ఇంకో రకం. నేను విచారణలో చదవాల్సింది తనే రాసి తెచ్చాడు. "కోటా లేకపోతే నేను ఈరోజుకీ ఓడల అడుగున తుప్పు గీకుతూ ఉండేదాన్ని" అని మొదలవుతుంది. "ఇది చదివేటప్పుడు గొంతు కొంచెం వణకాలక్కా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ కాగితం తీసుకున్నాను. ఎందుకంటే మా అక్క కూతురు వచ్చే ఏడు అదే పరీక్ష రాయబోతోంది. కోటా పోతే దాని ఆశ కూడా పోతుంది.

ఆ కాగితంలో నేను చేరిన తేదీ తప్పు పడింది. సరి చేసుకుందామని రికార్డు గదికి వెళ్ళాను. అదే నేను చేసిన పొరపాటు.

రికార్డు గుమాస్తా వచ్చే నెల రిటైరవుతున్నాడు, ఇక ఎవరికీ భయపడడు. "నీ ఫైలు నువ్వే వెతుక్కో తల్లీ, నా నడుం వంగదు" అన్నాడు. కోటా ఫైళ్ళకి అట్ట మీద ఆకుపచ్చ పట్టీ అంటిస్తారు, కాబట్టి వెతకడం ఎప్పుడూ కష్టం కాదు. తీశాను. చేరిన తేదీ కింద, గుండుసూది తుప్పుతో అంటుకుపోయిన ఒక మార్కుల జాబితా ఉంది.

పన్నెండు సీట్లు. ఓపెన్ జాబితాలో పదకొండు మంది. ఆఖరివాడికి డెబ్బై ఒకటి. పేరు చూడక్కర్లేదు, ఎవరో నాకు తెలుసు. దాని కింద గీత. గీత కింద గీకుడువాళ్ళ కోటా. మొదటి పేరు నాది. డెబ్బై నాలుగు.

నేను మళ్ళీ చదివాను. డెబ్బై నాలుగే.

నా కింద, ఆ సీటు నేను వద్దంటే ఎవరికివ్వాలో రాసి ఉంది. మా అక్క పేరు. అరవై ఆరు.

వెనక ఇంకో కాగితం ఉంది. 'మిమ్మల్ని ఏ జాబితాలో లెక్కించమంటారు? ఓపెన్ / కోటా' అని అచ్చు వేసిన ప్రశ్న. ఎదురుగా 'కోటా' అని గుండ్రటి అక్షరాలు. కింద నా సంతకం. సంతకం నాదే. ఆ గుండ్రటి అక్షరాలు మా అక్కవి.

అప్పుడు గుర్తొచ్చింది. పరీక్షయ్యాక, రాసిన అందరికీ వచ్చినట్టే, మా ఇద్దరికీ ఈ కాగితం ఇంటికొచ్చింది, రెండు రోజుల్లో తిరిగివ్వాలని. మార్కులు కాగితంలో లేవు. మార్కుల జాబితా బోర్డుకి అంటించారు, కావాలంటే చూసుకోవచ్చని రాశారు. బోర్డు గేటు లోపల ఉంది. మాకు పాసు లేదు. గేటు దగ్గరికి వెళ్ళి కాపలావాణ్ణి బతిమాలితే, "మీవాళ్ళకి కోటా ఉందిగా, అదే రాయండి, ఖాయం" అని తరిమేశాడు. ఇంటికొచ్చి అక్కని అడిగాను. అక్క దస్తూరీ బావుంటుందని ఇంట్లో కాగితాలన్నీ తనే నింపేది. "ఓపెన్ అని రాసి ఉన్నదీ పోగొట్టుకుంటామా" అంటూ రెండింటిలోనూ కోటా అని రాసింది. అలాంటి భయం మా వాళ్ళకే పుడుతుంది. పాసు జేబులో ఉన్నవాడైతే వెళ్ళి చూసుకునేవాడు.

చూసి ఉంటే నేను ఓపెన్‌లో ఉండేదాన్ని. కోటా సీటు అక్కకి వచ్చేది. పొడుగాయన ఇంటికి పోయేవాడు.

"ఏంటి తల్లీ, దొరికిందా?" అన్నాడు గుమాస్తా. తలూపాను. ఆ రెండు కాగితాలకీ జెరాక్సు తీయించుకుని సంచిలో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం షిఫ్టులో పెట్టెలు ఎలా దించానో నాకు తెలీదు. గాజు నేలలోంచి లారీలు కాదు, ఆ జాబితాయే కనబడుతోంది. ఇరవై రెండేళ్ళు ఎవరు ఏమన్నా, "అవును, కోటాలోనే వచ్చాను, అయితే ఏంటి?" అని ఎదురు తిరిగేదాన్ని. తిరిగి ఇంటికొచ్చి కుమిలేదాన్ని. అందరికంటే రెండింతలు పనిచేసి రుజువు చేసుకున్నాను. దేనికి? రుజువు తుప్పు పట్టిన గుండుసూదికి వేలాడుతూ అక్కడే ఉంది. ఈ మాట రేపు విచారణలో బయటపెడితే కోటా తీసేయమనేవాళ్ళు ఎగిరి గంతేస్తారు. "చూశారా, తెలివుంటే కోటా లేకుండానే వస్తారు" అంటారు. అక్క కూతురు దారి నేనే మూసినదాన్నవుతాను. పైగా డెబ్బై నాలుగు అన్నానంటే చాలు, పొడుగాయన పరువు అక్కడికక్కడే పోతుంది. బయటపెట్టకపోతే కార్యదర్శి రాసిచ్చిన అబద్ధం గొంతు వణికిస్తూ చదవాలి. ఎటు చూసినా గోడే. రెండో మనిషి వచ్చి దింపే సీటు కాదిది.

అన్నిటికంటే అక్క.

అక్క ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. రక్తం దుప్పట్లు, చీము గుడ్డలు, వేడినీళ్ళ తొట్లు. దాని చేతుల మీద చర్మం పొరలు పొరలుగా లేస్తుంది. అన్నం కలుపుకుంటే మంట, చెంచాతో తింటుంది. ఆరేళ్ళ కిందట ఏదో మాటా మాటా పెరిగి, "నాతోపాటే రాశావు కదా, నీకూ బుర్ర ఉంటే నీకూ వచ్చేది" అన్నాను. ఆ రోజు అది తిరిగి ఒక్క మాట అనలేదు. ఆ మాట గుర్తొచ్చి నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది.

ఇంటికి వెళ్ళేసరికి అక్క మంచం మీద బట్టలు మడతపెడుతోంది. దాని కూతురు కిటికీ దగ్గర చదువుకుంటోంది. నేను చెప్పులు కూడా విప్పకుండా కాగితాలు మంచం మీద పెట్టాను. ఎలా మొదలుపెట్టాలో తెలీక అన్నీ ఒక్కసారే కక్కేశాను.

అక్క ఆ కాగితాల్ని ముట్టుకోలేదు. చేతులు కొంగుకి తుడుచుకుంది. తడి ఏమీ లేకపోయినా తుడుచుకుంది.

"నాకెంతన్నావ్?"

"అరవై ఆరు."

"పాసవడానికి ఎంత?"

"యాభై."

"అంటే నేను తప్పలేదా?"

అక్కకి ఉద్యోగం ఉత్తరం రాలేదు కాబట్టి తప్పానని అనుకుంది. ఇరవై రెండేళ్ళు అలాగే అనుకుంది. మేమూ అలాగే అనుకున్నాం. వచ్చినవాళ్ళకే ఉత్తరాలు పంపారు, రానివాళ్ళ మార్కులు బోర్డు మీదే ఉండిపోయాయి.

"నేను మొద్దునని అనుకున్నానే" అంది అక్క. "దీనికి లెక్కలు చెప్పాలన్నా భయమేసేది. మొద్దు చెబితే అదీ మొద్దవుతుందని పక్కింటి టీచరమ్మ దగ్గరికి పంపాను." అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. నేను దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

అక్క కూతురు పుస్తకం మూసింది. "పిన్నీ, రేపు ఇది చెప్తావా?"

"ఏం చెయ్యమంటావ్?"

"చెప్పకు. చెప్తే కోటా పోతుంది." మళ్ళీ తనే అంది, "చెప్పకపోతే అమ్మ మొద్దుగానే ఉండిపోతుంది. నాకు కోటాలో వచ్చిందనుకో, నిన్నన్నట్టే నన్నూ అంటారు. ఇష్టం లేదు. కోటా లేకుండా రాయాలంటే చచ్చే భయం. నాకేం తెలీదు పిన్నీ, నన్నడక్కు."

కార్యదర్శి కాగితమూ, విచారణవాళ్ళు పంపిన సాక్షి పత్రమూ అక్క ముందు పెట్టాను. ఆ పత్రంలోనూ రెండే గళ్ళు. 'కోటా వల్లనే మీకు ఉద్యోగం లభించిందా? అవును / కాదు.'

"నువ్వే చెప్పక్కా. నువ్వు ఏది రాయమంటే అది రాస్తాను."

అక్క పత్రాన్ని నా వైపు తోసేసింది. "ఒకసారి నింపాను. చాలు. ఈసారి నీ కాగితం నువ్వే నింపుకో."

మర్నాడు మధ్యాహ్నం విచారణ. రేవు లోపలి మీటింగు హాల్లో పెట్టారు. ఎవరైనా వచ్చి వినొచ్చని సాయంత్రం ఐదింటిదాకా చెల్లే పాసులిచ్చారు. అక్క వస్తుందనుకోలేదు. లాండ్రీకి సెలవు పెట్టి వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. మెళ్ళో పాసు, చేతిలో సంచి. ఆ గేటు దాటడం దాని జీవితంలో అదే మొదటిసారి.

నాకంటే ముందు పొడుగాయన్ని పిలిచారు. చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. "నాకు ఎవరి మీదా కోపం లేదండి. నాతో పనిచేసే చెల్లెమ్మ మా అందరికంటే బాగా నడుపుతుంది, ఆ మాట ఎక్కడైనా చెప్తాను. కానీ మార్కులని పెట్టాక మార్కులే చూడాలి కదండి. నేను డెబ్బై ఒకటితో వచ్చాను, ఎవరి దయతోనూ రాలేదు. నా కూతురు అంతకంటే ఎక్కువే తెచ్చుకుంది." చివరి మాట దగ్గర ఆయన గొంతు నిజంగానే వణికింది.

నన్ను పిలిచారు. విచారణ అధికారి జలుబుతో ఉన్నాడు, ముక్కు తుడుచుకుంటూ మర్యాదగానే మాట్లాడాడు. "మీరు పత్రం ఖాళీగా ఇచ్చారేంటమ్మా? పోనీ నోటితో చెప్పండి. కోటా వల్లనే ఉద్యోగం వచ్చిందా? అవును, కాదు, ఒక్క మాట చాలు."

కార్యదర్శి ముందు వరసలోంచి కళ్ళతో తొందరపెడుతున్నాడు. పొడుగాయన నా వైపు చూసి, భయపడకు అన్నట్టు తలూపాడు. అగ్గిపెట్టె పరీక్షనాడు చప్పట్లు కొట్టిన మొహంతోనే. అంత మంచి మనిషి మొహం చూస్తూ ఎలా చెప్పను? వెనక బెంచీలో అక్క సంచిని గుండెలకి పట్టుకుని కూర్చుంది.

"నాకు డెబ్బై నాలుగు వచ్చాయండి" అన్నాను. "మా అక్కకి అరవై ఆరు. ఆవిడ అదిగో, వెనక కూర్చుంది. పాసైంది. ఆ సంగతి ముందు రాసుకోండి."

ఓపెన్ జాబితా ఎక్కడ ఆగిందో నేను చెప్పలేదు. చెప్పక్కర్లేదు, కాకులకి కూడా తెలుసు. పొడుగాయన మొహంలో రంగు పోవడం చూశాను. ఆయన మెల్లగా వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకున్నాడు, తల వంచేశాడు.

కోటా తీసేయమనే లాయరు లేచాడు. "అంటే కోటా లేకపోయినా మీకు ఉద్యోగం వచ్చేదన్నమాట! మేము చెప్పేదీ అదేగా!"

"రాసేదాన్నే కాదు" అన్నాను. "కోటా ఉందని తెలిసే మా నాన్న ఫారం తెచ్చాడు. లేకపోతే గీకుడువాళ్ళ పిల్లకి క్రేను పరీక్షేంటని గడప కూడా దాటేవాళ్ళం కాదు."

"అయితే అవునన్నట్టేగా?" అన్నాడు కార్యదర్శి కూర్చున్నచోటు నుంచే.

"ఆ జాబితా గేటు బయట అంటించి ఉంటే కాదండి. లోపల అంటించారు కాబట్టి అవును."

అధికారి కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నాడు. "అమ్మా, మీ బాధ నాకర్థమైంది. ఇరవై రెండేళ్ళ కిందటి జాబితా నా పరిధిలో లేదు. ఈ పత్రంలో రెండే గళ్ళున్నాయి. మీరు ఏదో ఒకటి చెప్పకపోతే నేను పంపలేను."

నేను నోరు తెరిచాను. అవును అంటే అక్క అరవై ఆరూ మళ్ళీ ఆ గుండుసూదికే పోతాయి. కాదు అంటే కిటికీ దగ్గర చదువుకునే పిల్ల. ఆ రెండు మాటల్లో ఏదీ పలకలేకపోయాను. పక్కనున్న టైపిస్టు కాసేపు చూసి, అధికారి తలూపాక టకటకా కొట్టాడు. పైకి చదివి వినిపించాడు కూడా. "సాక్షి సమాధానం చెప్పలేదు."

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నిజం చెప్పాను. కాగితం మీద మాత్రం ఆ ముక్కే పడింది.

బయటికొచ్చేసరికి పొడుగాయన మెట్ల దగ్గర ఉన్నాడు. నాకేసి చూడలేదు. "నీ షిఫ్టు నేను ఎక్కుతాలే. మీ అక్కని తీసుకెళ్ళు" అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "నా కూతురి బాధ అబద్ధం కాదు చెల్లెమ్మా."

"కాదన్నా."

"మరి నేను మీ అక్కకి ఏం చెప్పాలి?"

ఆయన తల వంచుకునే క్రేను వైపు నడిచాడు. ఆకాశం కింద ఎవరూ తల వంచమనకపోయినా అలాగే నడిచాడు.

అక్క నా చెయ్యి పట్టుకుంది. దాని వేళ్ళ గరుకు నా అరచేతికి తగిలింది. తిడుతుందేమోననుకున్నాను.

"ఆ బోర్డెక్కడ?" అంది.

చూపించాను. గేటు పక్కనే, గోడకి. ఏదో సెలవుల నోటీసు అంటించి ఉంది. అక్క దాని ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చదివింది, అందులో తన పేరు వెతుకుతున్నట్టు. కాపలావాడు గడియారం చూపించి, ఐదవుతోంది, పాసులు ఇచ్చేయమని కేకేశాడు. అక్క వినిపించుకోలేదు. బోర్డుకి వీపు పెట్టి నిలబడి, గేటు వైపు అడుగులు వేస్తూ పైకే లెక్కపెట్టింది. నేనూ వెనకే నడిచాను.

గేటు కమ్మీ తగిలి ఆగింది.

"పన్నెండేనే" అంది నా వైపు తిరిగి. "పన్నెండడుగులే."